ఆ పుస్తకం పిల్ల చేతిలోంచి లాక్కోకండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మన శ్రీకాకుళం, విజయనగరం, మన్యం వైపు నుంచే. ఎవరికి వాళ్ళు విడివిడిగా రాసినా అడిగింది దాదాపు ఒకటే. నిజాలు రాసిన పుస్తకాలు పిల్లలకి ఇవ్వొచ్చా, ఇస్తే చెడిపోతారా, తమలాంటి పిల్లలే కథలో కనిపిస్తే వాళ్ళకి ఒరిగేదేమిటి అని. అందుకని ఈసారి శీర్షికంతా వాటికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మాది రాజాం దగ్గర పల్లెటూరు. మా పాప ఎనిమిదో తరగతి. వాళ్ళ టీచరమ్మ ఇచ్చిందని ఒక కథల పుస్తకం తెచ్చుకుంది. అందులో ఒక కథలో తండ్రి తాగొచ్చి తల్లిని కొడతాడు, పిల్ల వెళ్ళి పక్కింటి అరుగు మీద పడుకుంటుంది. చదువుకునే వయసులో ఇవన్నీ ఎందుకని పుస్తకం తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. అప్పటినుంచి పాప నాతో ముభావంగా ఉంటోంది. మీ దగ్గర దాచడం ఎందుకు, మా ఇంట్లోనూ అప్పుడప్పుడు ఇలా జరుగుతుంది. అందుకే ఇంకా భయం వేసింది. నేను చేసింది తప్పా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అసలు సంగతి చివర్న రాసిన ఆ రెండు మాటల్లోనే ఉంది, అవి రాయడానికి మీకెంత కష్టమైందో ఊహించగలను. తప్పా ఒప్పా అన్నది పక్కన పెడదాం, మీరు భయపడింది పిల్ల మీద ప్రేమతోనే.

కానీ ఒకటి ఆలోచించండి. తాగొచ్చి కొట్టడం అంటే ఏమిటో మీ పాపకి ఆ పుస్తకం చెబితే తెలియలేదు. ముందే తెలుసు. రాత్రి తలుపు చప్పుడు వినగానే నాన్న ఎలా వచ్చాడో ఆ పిల్లకి తెలిసిపోతుంది, పక్కింటికి వినబడకుండా ఏడవడం కూడా ఈపాటికి నేర్చుకునే ఉంటుంది. తనకి తెలియందల్లా ఇలాంటి ఇల్లు ఇంకొకటి ఉందని. మన ఊళ్ళల్లో ఏ ఇంట్లో గొడవ జరిగినా తెల్లారేసరికి ఏమీ జరగనట్టే వాకిట్లో కళ్ళాపి జల్లుకుంటాం కదా, పిల్లలు కూడా అంతే, బడికెళ్ళి పక్కన కూర్చున్న స్నేహితురాలికి కూడా చెప్పుకోరు, ఆ స్నేహితురాలి ఇంట్లోనూ అదే జరుగుతున్నా సరే. దాంతో మా ఇల్లొక్కటే ఇలా ఉంది, మేమే ఏదో చేసుంటాం అన్న ఆలోచన లోపల దిగబడిపోతుంది. అలాంటి పిల్లకి ఒక కథ దొరికింది. అందులో తన వయసు పిల్లే, తనలాగే అరుగు మీద పడుకుంది. అది చదివిన రాత్రి మీ పాపకి ఎంత ఊపిరి ఆడి ఉంటుందో! మర్నాడు మీరు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేసరికి, ఇది మాట్లాడకూడని సంగతి, ఈ ఇంట్లో అసలే మాట్లాడకూడదు అని తనకి అర్థమై ఉంటుంది. ముభావం అందుకేనని నాకనిపిస్తోంది.

ఇవన్నీ పిల్లలకెందుకు అనే మాట మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. మీ జిల్లా సంగతే చెబుతాను. కన్యాశుల్కం నాటకాన్ని 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో పుస్తకంగా వచ్చింది. ఆ మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో కొన్ని లెక్కలున్నాయి. శుల్కం పుచ్చుకుని బ్రాహ్మణ కుటుంబాల్లో చేసిన పెళ్ళిళ్ళకి విజయనగరం మహారాజా ఒక జాబితా రాయించారు, అప్పటి విశాఖపట్నం జిల్లా మొత్తానికి. మూడేళ్ళలో లెక్కకి అందినవే 1034. పెళ్ళికూతుళ్ళలో 99 మందికి అయిదేళ్ళు, 44 మందికి నాలుగేళ్ళు, 36 మందికి మూడేళ్ళు, ముగ్గురికైతే ఏడాది. ఆ ఏడాది పసిగుడ్లకి పలికిన ధర 350 నుంచి 400 రూపాయలు. కన్యాశుల్కం పిల్లల పుస్తకమని నేననడం లేదు. కానీ పిల్లల చెవిన పడకూడదని మనం దాచేవాటిలో చాలావరకు పిల్లలకే జరుగుతున్నవి. వాళ్ళకి జరగొచ్చు కానీ వాళ్ళు చదవకూడదు అంటే ఎలాగమ్మా?

అలాగని నిజం పేరు పెట్టి రాసిందల్లా పిల్లలకి ఇచ్చేయమనను. దెబ్బల్ని పేజీల కొద్దీ వర్ణించి భయపెట్టే కథ వద్దు. ఆ రాత్రి పిల్ల ఎవరింటికి వెళ్ళింది, వాళ్ళేమన్నారు, మర్నాడు హోమ్‌వర్క్ చెయ్యకుండా బడికి వెళితే ఏమైంది, ఎవరికి చెప్పుకుంది, ఇవి చెప్పే కథ కావాలి. ఇంకో రకం కథలంటే నాకు దెబ్బల వర్ణనలకన్నా ఎక్కువ భయం. పిల్ల బాగా చదివి ఫస్టు వస్తుంది, అది చూసి తండ్రి కళ్ళనీళ్ళు పెట్టుకుని తాగుడు మానేస్తాడు, కథ కంచికి. పెద్దవాళ్ళకి చాలా నచ్చే ముగింపు అది. నిజంగా తాగుబోతు తండ్రి ఉన్న పిల్ల దాన్ని చదివితే ఏమనుకుంటుందో చూడండి. మా నాన్న ఇంకా మానలేదంటే నేను ఇంకా సరిగ్గా చదవట్లేదన్నమాట అనుకుంటుంది. మంచి ఉద్దేశంతో రాసిన అబద్ధమే, కానీ పదమూడేళ్ళ పిల్ల నెత్తిన అంత బరువు పెడుతుంది. తండ్రి మారకపోయినా ఆ పిల్ల బతుకు ఆగిపోలేదని చెప్పే కథ నిజాయితీగల కథ. మీ పాప తెచ్చుకున్న పుస్తకం అలాంటిదో కాదో మీరు చదివితే గానీ తెలీదు.

కాబట్టి ఇవాళ బీరువా తియ్యండి. ముందు మీరు చదవండి, పూర్తిగా. తర్వాత పాపకి ఇచ్చి, నేనూ చదివానే అని ఒక్క మాట అనండి చాలు. ఏం అర్థమైంది, నీతి ఏమిటి అని అడగొద్దు. తను మాట్లాడితే వినండి, ఆ రోజే మాట్లాడకపోవచ్చు, నెల పట్టొచ్చు కూడా. ఇంకో మాట, ఇది పుస్తకాల శీర్షికే అయినా చెప్పకుండా ఉండలేను. దెబ్బలు సహించాల్సిన పనిలేదు. 181కి ఫోన్ చేస్తే మహిళల హెల్ప్‌లైన్ వాళ్ళు మాట్లాడతారు, పిల్లల కోసం 1098 ఉంది. గృహహింస నుంచి రక్షణకి 2005లోనే చట్టం వచ్చింది. ఈ నంబర్లు మీ పాపకి కూడా తెలిసుండాలి.

ప్రశ్న: మేడమ్, నేను సీతంపేట ఏజెన్సీలో ప్రైమరీ టీచర్ని. మా పిల్లలు చాలామంది సవర గిరిజనులు. బడికి రంగురంగుల కథల పుస్తకాలు వచ్చాయి, పిల్లలు నాలుగు రోజులు బొమ్మలు చూసి వదిలేశారు. అన్నిట్లోనూ అపార్ట్‌మెంటు, స్కూలు బస్సు, పుట్టినరోజు కేకు. వీళ్ళకి చదువు మీద ఆసక్తి లేదని మా తోటి మాస్టారంటారు. నాకు అలా అనిపించడం లేదు.

జవాబు: మీకు అనిపించిందే సరైంది. ఒక పేజీలో ఉన్నవన్నీ తెలియనివే అయితే, భాష కూడా ఇంట్లో మాట్లాడేది కాకపోతే, ఏ పిల్లాడు మాత్రం ఎంతసేపు కూర్చుంటాడు?

ఈ పని మీ కొండల్లోనే నూరేళ్ళ కిందట ఒకరు మొదలుపెట్టారు. గిడుగు రామమూర్తి పంతులు 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు, పర్లాకిమిడిలో బడిపంతులుగా చేశారు. అక్కడే సవరల భాష నేర్చుకున్నారు, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు, సవర పిల్లలకి సవరలోనే పాఠాలు రాసి, తన ఖర్చుతో బడి పెట్టి చెప్పించారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. ఆ రోజు వ్యావహారిక భాష గురించి మాట్లాడినంతగా ఆయన సవర బడుల గురించి కూడా మాట్లాడాలని నాకు చాలా కోరిక. ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వం కూడా సవర, కువి, కొండ లాంటి భాషల్లో చిన్న తరగతుల వాచకాలు వేసింది. మీ బడి బీరువాల్లోనో, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసులోనో పాత ప్రతులు ఉన్నాయేమో అడిగి చూడండి.

దొరక్కపోతే మీరే తయారుచేసుకోండి. దీనికి పెద్ద ఖర్చు లేదు. పిల్లల్ని వాళ్ళ భాషలోనే చెప్పమనండి, అమ్మతో అడ్డాకులు కోయడానికి వెళ్ళిన సంగతి, కొండచీపుర్లు కట్టలు కట్టి సంతకి మోసుకెళ్ళిన సంగతి, ఏనుగుల గుంపొచ్చి పంట తొక్కేసిన రాత్రి ఊరంతా ఏం చేసిందో ఆ సంగతి. (ఏనుగుల కథ ఒక్కటి చాలు, తరగతిలో ఒక్కడూ కదలడు.) చెప్పింది చెప్పినట్టు తెలుగు లిపిలో పెద్ద అక్షరాలతో రాయండి, బొమ్మలు వాళ్ళే వేస్తారు, కింద అదే మాట తెలుగులో రాయండి, దారంతో కుట్టి చెప్పిన పిల్లాడి పేరు అట్ట మీద వెయ్యండి. మీరు సరిదిద్దకండి. మా ఇంట్లో ఆ రోజు కూడు లేదు అని పిల్లాడు చెబితే ఆ వాక్యం తీసేయాలని మీకు అనిపిస్తుంది. తీసేయొద్దు.

ఒక్క జాగ్రత్త. సవర పిల్లలకి సవర కథలే, జాలర్ల పిల్లలకి చేపల కథలే అని ఎవరి గీత వాళ్ళకి గీసేయడం కూడా అన్యాయమే. వాళ్ళకి రాజకుమారులూ కావాలి, ఓడలూ కావాలి, చంద్రుడి మీదికి వెళ్ళడమూ కావాలి. ఆ అపార్ట్‌మెంటు కథలు పారేయకండి. తన కొండ గురించి పుస్తకంలో చదివిన పిల్లాడు తర్వాత వాటిని కూడా తెరుస్తాడు, ఈసారి ప్రశ్నలు అడుగుతాడు.

ప్రశ్న: నేను విజయనగరంలో ఇంటర్ సెకండియర్ చదువుతున్నాను. కథలు రాస్తాను. మా నానమ్మ 'ఏటి బాబూ, కూడు తిన్నావేటి' అంటే అలాగే రాశాను. మా లెక్చరర్ చదివి, యాస కామెడీకే బాగుంటుంది, సీరియస్ కథ మంచి తెలుగులో రాయమన్నారు. మార్చనా?

జవాబు: మీ నానమ్మని మార్చకు బాబూ.

సినిమాల్లో మన యాస ఎక్కువగా నవ్వించే పాత్రలకే పెట్టారు, ఆ అలవాటు చదువుకున్నవాళ్ళకి కూడా వచ్చేసింది. మీ సార్ చెడ్డ ఉద్దేశంతో అనలేదు, నీ కథ నలుగురికీ నచ్చాలనే అని ఉంటారు. కానీ నువ్వున్న ఊరు ఏదో చూడు. మనుషులు ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడించి గురజాడ నాటకం రాసింది అక్కడే. చాసో (చాగంటి సోమయాజులు) అక్కడే ఉండి రాశారు, 'కుంకుడాకు' కథలో ఆకులూ పుల్లలూ ఏరుకునే ఒక పేద పిల్ల ఉంటుంది, దొరికితే చదువు. పక్క జిల్లాకి వెళితే కాళీపట్నం రామారావు మాస్టారు, 1924లో మురపాకలో పుట్టారు, బడిపంతులు. తెలుగు కథలన్నీ ఒకచోట దొరకాలని 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. సెలవుల్లో ఒకసారి వెళ్ళు, అక్కడ పాత పత్రికలు తిరగేస్తూ కూర్చుంటే పొద్దు తెలీదు. అక్కడి కథల్లో ఈ యాసతో ఏడ్చినవాళ్ళు, ఎదురుతిరిగినవాళ్ళు, న్యాయం అడిగినవాళ్ళు ఎంతమంది కనిపిస్తారో.

నేను చెప్పే జాగ్రత్తలు వేరే. యాసని ముద్ద చేసి ప్రతి మాటకీ రాస్తే చదివేవాడికి అలసట, నానమ్మ మాటలు నానమ్మవిగా ఉంచి కథ చెప్పే గొంతు నీ మామూలు భాషలో ఉండనీ. రెండోది ముఖ్యం. కూలివాళ్ళకీ నౌకర్లకీ యాస పెట్టి, టీచరుకీ డాక్టరుకీ పుస్తకాల భాష పెట్టకు. మన దగ్గర డాక్టరు కూడా ఇంటికెళితే వాళ్ళమ్మతో ఇదే యాసలో మాట్లాడతాడు. అది దాచావంటే నీ కథ అక్కడ అబద్ధం ఆడినట్టే.

రాయడానికి నీ చుట్టూ ఎంత ఉందో! నాన్న చెన్నైకో హైదరాబాదుకో పనికి వెళ్ళి సంక్రాంతికి మాత్రం కనిపించే పిల్లలు మీ కాలేజీలోనే ఉంటారు. 2018 నవంబరులో గుజరాత్ దగ్గర సముద్రంలో వేటకి వెళ్ళిన మన తీరం జాలర్లని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకెళ్ళారు, 2020 జనవరికి గానీ ఇంటికి రాలేదు. అన్ని నెలలూ వాళ్ళ పిల్లలు బడిలో ఏమని చెప్పుకున్నారు, రాత్రిళ్ళు అమ్మని ఏమడిగారు? పిల్లల వైపు నుంచి ఆ కథ రాసి చూడు. ముందు వెళ్ళి వాళ్ళతో కూర్చుని విను. మీ చెల్లెలో తమ్ముడో ఉంటే వాళ్ళకి చదివి వినిపించు, ఎక్కడ దిక్కులు చూస్తే అక్కడి వాక్యం కొట్టేయి.

ప్రశ్న: మాది పలాస వైపు, ఉద్దానం ఊరు. మా అబ్బాయికి పదేళ్ళు. వాడి స్నేహితుడి నాన్న కిడ్నీ జబ్బుతో పోయారు. అప్పటినుంచి మావాడు నాన్నా నువ్వు కూడా చచ్చిపోతావా అని అడుగుతున్నాడు. ఈ టైములో చావు ఉన్న కథలు ఇస్తే భయం పెరుగుతుందేమోనని టెన్షన్.

జవాబు: భయం ఇప్పటికే ఉంది బాబూ, అందుకే అడుగుతున్నాడు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మీ ఉద్దానంలో డయాలసిస్ అన్న మాట తెలియని పిల్లాడు ఉండడు. చావు లేదన్నట్టు నటించే పుస్తకాలు వాడికి ఇప్పుడు పనికిరావు.

తెలుగులో 'రైలుబడి' అని వచ్చిన పుస్తకం చూడండి. జపాన్‌లో తెత్సుకో కురొయనాగి అనే ఆవిడ తన చిన్నప్పటి బడి గురించి 1981లో రాసింది, అందులోని చిన్నపిల్ల టోటోచాన్ అంటే ఆవిడే. నవ్వించే పుస్తకం, రైలు పెట్టెల్లో తరగతులు, అల్లరి. అందులోనే ఆమెకి పోలియో వచ్చిన ఒక స్నేహితుడుంటాడు. ఎవరికీ చెప్పకుండా కష్టపడి వాణ్ణి చెట్టెక్కిస్తుంది. తర్వాత ఒకరోజు వాడు చనిపోతాడు. అది దాచలేదు, పాఠం కూడా చెప్పలేదు, ఆ పిల్లకి ఎలా అనిపించిందో అలాగే రాసింది. మీరిద్దరూ పక్కపక్కన కూర్చుని రోజుకి కాస్త చదవండి, ఆ భాగం వచ్చే రోజు మీరు తప్పకుండా ఇంట్లో ఉండేలా చూసుకోండి. వాడు మళ్ళీ అదే ప్రశ్న అడిగితే, అసలు చచ్చిపోను అని ఒట్టు వెయ్యొద్దు. ఇప్పుడు బాగానే ఉన్నాను, రక్తపరీక్ష చేయించుకుంటున్నాను, నీ దగ్గరే ఉన్నాను అని ఉన్నది చెప్పండి. పరీక్ష నిజంగా చేయించుకోండి మరి. నాన్న పోయిన ఆ స్నేహితుణ్ణి కూడా పిలిచి చదువులో కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిది, వాడికిష్టమైతేనే. మీవాడికి నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం లాంటివి కొన్ని వారాలు సాగితే పుస్తకాలతో సరిపెట్టకండి, 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్ అంటారు, ప్రభుత్వానిదే, ఉచితం.

ప్రశ్న: మీరు చెప్పే పుస్తకాలు మా టౌన్‌లో ఎక్కడా లేవు. లైబ్రరీలో పోటీ పరీక్షల పుస్తకాలు, విజయగాథలు, నీతికథలు, అంతే. కొనాలంటే మాలాంటివాళ్ళకి కష్టం.

జవాబు: కొనగలిగితే, సికింద్రాబాదులో మంచి పుస్తకం వాళ్ళు పిల్లల పుస్తకాలు తక్కువ ధరకే వేస్తారు, పోస్టులో తెప్పించుకోవచ్చు. నలుగురు కలిసి తెప్పించుకుని మార్చుకుంటే భారం ఉండదు.

కానీ లైబ్రరీని వదిలెయ్యకండి, అది మీ డబ్బే. ఇంటిపన్ను రసీదు ఒకసారి తీసి చూడండి, రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఉంటుంది. అది జిల్లా గ్రంథాలయ సంస్థకి వెళ్ళాలి, అందులోంచే పుస్తకాలు కొంటారు. పోటీ పరీక్షల పుస్తకాలు వద్దనడం లేదు, ఉద్యోగాల కోసం చదివే పిల్లలకి ఆ గది పెద్ద ఆసరా. వాటితోపాటు పదేళ్ళ పిల్లకీ పద్నాలుగేళ్ళ పిల్లాడికీ ఒక అర ఉండాలని అడగాలి. నోటితో అడిగితే లైబ్రేరియన్ గారు కూడా ఏమీ చేయలేరు, పైకి పంపడానికి ఆయనకి కాగితం కావాలి. కావలసిన పుస్తకాల పేర్లు, ప్రచురణకర్తల పేర్లు రాసి, పదిమంది తల్లిదండ్రుల సంతకాలతో జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి పేరిట అర్జీ ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఆ పేర్లు మాత్రం మీ అంతట మీరు నిర్ణయించకండి, ముందు పిల్లల్ని కూర్చోబెట్టి ఏ సంగతి గురించి పుస్తకం కావాలో అడిగి, దాన్నిబట్టి రాయండి, వాళ్ళు చెప్పేవి మీకు ఇబ్బందిగా అనిపించినా సరే.